ఆపరేషన్ గంధం బొట్టు

"బాగు చెయ్యకూడదు. అదీ నీ మిషన్."

ఆ మాట అని చీఫ్ లోవరాజు గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. ఆయన కూర్చున్నది నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక ఆగిన ఐస్ వ్యాన్‌లో. చూసేవాళ్ళకి అది చేపలకి ఐసు తోలే బండి. లోపల మూడు వైర్‌లెస్ సెట్లు, ఒక మ్యాపు, ఒక ఫ్లాస్కు. ఎదురుగా బోర్లించిన పెట్టె మీద ఏజెంట్ నలభై ఒకటి, అసలు పేరు వీరేంద్ర. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ఆ రోజంతా తనకి ముడుచుకోవడమే రాసిపెట్టి ఉందని అప్పటికి తెలియదు పాపం.

రెండు వేల నాలుగు. దసరా వెళ్ళిన మరుసటి శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

"టార్గెట్ బుజ్జిబాబు," అన్నారు చీఫ్. "జీడిపప్పు వ్యాపారి. పైకి పెద్దమనిషి. లోపల 'నీలికన్ను' ముఠాకి లోకల్ మనిషి. మన నౌకాదళం మ్యాపులు చేపల పడవల్లో దేశం దాటిస్తున్న విదేశీ ముఠా అది. ఆ పడవల కబురు మనకి ఇచ్చినవాడు కొండన్న. నక్కపల్లి అవతల ఒడ్డున ఉంటాడు, సముద్రం మీద వేటకి పోతాడు. కబురు పోయిందని ముఠాకి తెలిసింది. ఇచ్చిందెవరో బుజ్జిబాబుకి ఇంకా తెలీదు. ముఠా పెద్దలు ఆ మనిషి ఫొటో, బోటు నంబరు ఒక లాక్ చేసిన ఫైల్‌లో పెట్టి సీడీ పంపారు, అది అతని ఇంటి కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది."

"ఆ ఫైల్ తెరుచుకుంటే?"

"కొండన్న మూడు రోజులుగా సముద్రం మీద ఉన్నాడు. బోటులో వైర్‌లెస్ లేదు. సాయంత్రం ఆరింటికి ఒడ్డుకొస్తాడు. ఒడ్డున ముఠా మనుషులిద్దరు తుపాకులతో కాచుకున్నారు. నంబరు అందితే దిగీదిగగానే కాల్చేస్తారు."

"ఇప్పుడే ఇంటి మీద పడదాం సార్."

"బుజ్జిబాబు దగ్గర్నుంచి వాళ్ళకి అరగంటకో ఫోన్ వెళ్తోంది. అది ఆగితే, దిగిన ప్రతివాణ్ణీ కాల్చమని ఆర్డర్. కాబట్టి ఆరు దాటాలి. చేపల బేరగాళ్ళ వేషంలో మనవాళ్ళు ఒడ్డున ఉంటారు, కొండన్నని జనంలోంచి తప్పించేస్తారు. అప్పుడు వచ్చి ఆ ఇంటి తలుపు మేం తీస్తాం. ఆరుకి ముందు నీకు తలుపు లేదు."

"మరి ఇంతవరకూ ఫైల్ ఎందుకు తెరుచుకోలేదు?"

చీఫ్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "వారం నుంచీ ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ నత్తలా పాకుతోంది. పావుగంట పని నాలుగు గంటలైనా కావట్లేదు. ఎందుకో దేవుడికెరుక. బుజ్జిబాబు మెకానిక్ నానాజీకి ఫోన్ చేశాడు. మనం విన్నాం. నానాజీని ఇవాళ ఇల్లు కదలొద్దన్నాం. నానాజీని వాళ్ళెప్పుడూ చూడలేదు. ఆ నానాజీవి నువ్వే."

వీరేంద్ర పెట్టుడు మీసం సర్దుకున్నాడు.

"ఇంకోటి. ఆ ఇంట్లో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. చేపలమ్మే సోమలమ్మ బుట్టలో, ఐసు కింద చీటీలొస్తాయి. సోమలమ్మ కొండన్న తల్లే. చీటీ ఎవరిచ్చారంటే మాత్రం నోరు విప్పదు. కోడ్ గుర్తుపెట్టుకో. 'పనసకాయలున్నాయా' అని అడుగు. 'కొయ్యూరు సంతలో ఒక్కటే మిగిలింది' అనాలి జవాబు."

"దసరా రోజుల్లో పనసకాయలా?"

"అందుకే అది కోడ్." చీఫ్ ఫ్లాస్కు మూత బిగించారు. "పుష్పవతి కూడా అక్కడే ఉంది."

వీరేంద్రకి ఐసు వ్యాన్‌లో చెమట పట్టింది. పుష్పవతి ఒకప్పుడు వీళ్ళ డిపార్ట్‌మెంటే. తర్వాత ముఠా వైపు వెళ్ళింది. అటునుంచి రెండుసార్లు వీళ్ళకి కబురంపింది, రెండుసార్లు అబద్ధం చెప్పింది. కొలంబోలో ఒక రాత్రి వీరేంద్ర ప్రాణం కాపాడి, తెల్లారేసరికి అతని పాస్‌పోర్ట్ ఎత్తుకుపోయిన మనిషి. ఎటువైపో ఎవరూ తేల్చలేదు.

రెండు గంటలకి వీరేంద్ర కోటవురట్ల రోడ్డులో బుజ్జిబాబు మేడ ముందు నిలబడ్డాడు. చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, వాటిలో ఎర్రపిడిది వైర్‌లెస్. పిడి మూడుసార్లు నొక్కితే వ్యాన్‌లో సిగ్నల్ మోగుతుంది.

"నానాజీవేనా?" బుజ్జిబాబు నలభై దాటిన మనిషి, మెడలో పులిగోరు, చేతిలో సెల్‌ఫోన్. "ఇంత ఆలీసమేటయ్యా? బేగి రా, బేగి!"

కంప్యూటర్ గది వెనకవైపు ఉంది. ఒకప్పుడు సరుకు గది. ఇప్పటికీ మూడు గోడల నిండా జీడిపప్పు రేకు డబ్బాలు, నేల నుంచి కప్పు దాకా. ఉన్న ఒక్క కిటికీకీ సగం దాకా డబ్బాలే అడ్డం. వీరేంద్ర లోపల అడుగుపెట్టగానే వెనక తలుపు మూసుకుంది, బయట గొళ్ళెం పడింది, ఆ పైన తాళం కూడా.

"ఏమనుకోకు. మిషను బాగయ్యేదాకా ఈ తలుపు తియ్యను," అన్నాడు బుజ్జిబాబు, తనూ లోపలే నిలబడి. "తాళంచెవి బయట సోములు దగ్గరుంటది. ఆడు బస్తా ఎత్తినట్టే మనిషినీ ఎత్తుతాడు."

వీరేంద్ర మెల్లిగా ఎర్రపిడి మూడుసార్లు నొక్కాడు. పిడి చివర చిన్న దీపం వెలగాలి. వెలగలేదు. అన్ని రేకు డబ్బాల మధ్య వైర్‌లెస్ ఏం పని చేస్తుంది? ఇంత సొమ్ము పెట్టి గవర్నమెంటు చేయించిన పరికరం, ఆ గదిలో ఉత్త స్క్రూడ్రైవర్ అయి కూర్చుంది.

"హలో, మెకానిక్ గారూ."

మూల కుర్చీలో పుష్పవతి. నల్ల కళ్ళద్దాలు తలమీదికి తోసి, మావిడిపిందెల అంచు చీరలో, ఒళ్ళో చిన్న హ్యాండ్‌బ్యాగ్. బ్యాగ్ జిప్ సగం తెరిచి ఉంది. లోపల నల్లగా ఏదో మెరిసింది.

"నాకూ కంప్యూటర్ వచ్చు. మీరు చేసే ప్రతిదీ చూస్తుంటాను. వేషాలొద్దు."

ఇదీ అతని పరిస్థితి. బాగు చేస్తే కొండన్న పోతాడు. బాగు చెయ్యనట్టు కనిపిస్తే తనే పోతాడు. సగం తెరిచిన హ్యాండ్‌బ్యాగ్ ముందు నాలుగు గంటలు కూర్చుని, పని చేస్తూ పని కాకుండా చూడాలి.

డిస్క్ కర్ కర్‌మని మూలుగుతోంది. స్క్రీన్ మీద ఫైల్ ఎంత తెరుచుకుందో చూపే పట్టీ పదకొండు శాతం దగ్గర నిలబడిపోయింది. వీరేంద్ర టాస్క్ మేనేజర్ తెరిచాడు. ఏ ప్రోగ్రామూ పెద్దగా నడవట్లేదు, కాని ప్రాసెసర్ మాత్రం వందకి వంద. అది చూడగానే అతనికి జబ్బు అర్థమైపోయింది. వెంటనే స్క్రీన్ మార్చేశాడు.

"వైరస్ ఉండొచ్చండీ," అన్నాడు. "స్కాన్ పెట్టాలి."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"అరగంట. ముఖ్యమైన ఫోల్డర్లు చాలు."

అరగంటని డిస్కే యాభై నిమిషాలు చేసింది. వైరస్ లేదు. ఆ తర్వాత వీరేంద్ర డిస్క్ నిండిపోయిందన్నాడు, అది నిజమే. సినిమాలు, పాటలు, పెళ్ళి వీడియోలు. ఒక్కొక్కటీ పేరు చదివి, తీసెయ్యనా అని బుజ్జిబాబుని అడిగాడు.

"అది మా సెల్లి పెళ్లి!" బుజ్జిబాబు అడ్డంపడ్డాడు. "తీసీకు!"

"ఇది?"

"అది అప్పగింతలు. మా బావ ఏడిసింది అందులోనే ఉంది. అదీ ఉంచు."

"మరేది తియ్యమంటారండీ?"

"అదే ఆలోసిస్తన్నాను కదేటి!"

మూడున్నరకి ఒకసారి, నాలుగుకి ఒకసారి బుజ్జిబాబు ఒడ్డుకి ఫోన్ చేశాడు. "ఇంకా అవలేదు. ఆగండి." కిటికీకి చేరగిలి నిలబడితే అక్కడొక్కచోటే ఆ సెల్‌కి సిగ్నల్. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ గది ఇంకాస్త ఇరుకయినట్టయింది వీరేంద్రకి.

నాలుగు దాటాక తాళం చప్పుడయింది. బుజ్జిబాబు తల్లి వరలక్ష్మమ్మ గారు కాఫీలు పట్టుకొచ్చారు. తెల్లటి జుట్టు, గోచీకట్టు చీర. పద్దెనిమిది రకాల పచ్చళ్ళు ఏ ఏడాది ఎన్ని కాయలతో పెట్టిందీ చెప్పగల మనిషి, అక్షరం ముక్క మాత్రం కూడబలుక్కుని రాస్తారు.

"ఏటి బాబూ, మీ ఇంటిపేరేటి? తిన్నావా?" అని అడుగుతూనే ఆవిడ గ్లాసులు దించారు. "ఒరే బుజ్జీ, ఈ అబ్బాయిని గొడ్డుని కట్టీసినట్టు కట్టీసావేట్రా?"

"నువ్వుండమ్మా!"

వీరేంద్ర పుష్పవతి కళ్ళలోకి చూశాడు. మన మనిషి ఈవిడే అయితే ఇప్పుడే తెలియాలి. "కాఫీ బాగుందండీ. పనసకాయలున్నాయా ఈ ఊళ్ళో?"

పుష్పవతి పకపకా నవ్వింది. "ఈ నెలలో పనసకాయలా? మెకానిక్ గారికి బుర్ర కూడా స్లో అయినట్టుంది."

కాదు. ఈవిడ కాదు. మరింకెవరు? బయట ఉన్న సోములా? వరలక్ష్మమ్మ గారు ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ తాళం పడింది. ఉన్న ఒక్క ఆశా ఆ చప్పుడుతోనే పోయింది.

తర్వాత డీఫ్రాగ్ తీశాడు వీరేంద్ర. స్క్రీన్ నిండా ఎర్రగీతలు, నీలిగీతలు. ఫైళ్ళన్నీ ముక్కలయి తలో మూలా ఉన్నాయన్నమాట. పప్పు ఒక ఊళ్ళో, ఉప్పు ఒక ఊళ్ళో పెట్టుకుని వంటకి కూర్చుంటే కూర పొయ్యి మీంచి ఎప్పటికి దిగుతుంది? వాటిని ఒకచోట చేరిస్తే నిజంగానే కాస్త మేలు. కాని ఆ చేర్చడానికి ఐదు గంటలు. అందుకే వీరేంద్రకి అది నచ్చింది.

పుష్పవతి లేచి వచ్చింది. మల్లెల వాసన, హ్యాండ్‌బ్యాగ్ జిప్ చప్పుడు రెండూ ఒకేసారి చెవి పక్కకి వచ్చాయి.

"డీఫ్రాగ్ వద్దు. డివైస్ మేనేజర్ తెరవండి."

వీరేంద్రకి తెరవక తప్పలేదు. డిస్క్ దారి చూపే ప్రైమరీ ఐడీఈ చానెల్ దగ్గర ఆవిడ గోరు ఆగింది. "పీఐఓ మోడ్. డిస్క్ తన సరుకు తనే మోసుకునే డీఎంఏలో నడవాలి కదా? ప్రతి చిన్న ముక్కనీ ప్రాసెసరే చేత్తో మోస్తోంది. ఇది మీకు రెండింటికే తెలిసుండాలే, నానాజీ గారూ?"

"ఒరే!" బుజ్జిబాబు అతని కాలర్ పట్టుకున్నాడు. "నాటకాలాడతన్నావేట్రా?"

"డీఎంఏలో తప్పులు పదేపదే వస్తే మిషనే భయపడి పీఐఓలోకి దిగిపోతుందండీ," అన్నాడు వీరేంద్ర ఊపిరాడక. "ఎందుకొస్తున్నాయో చూడకుండా మారిస్తే మళ్ళీ దిగిపోతుంది."

అతను చెప్పింది నిజమే. చానెల్ తీసేసి రీస్టార్ట్ చేస్తే పట్టీ ఒక్క పరుగులో నలభై దాకా పోయి, మళ్ళీ చతికిలబడింది. ఐదూ పదిహేను.

"కేబుల్," అంది పుష్పవతి. "పెట్టె విప్పండి."

వీరేంద్ర పక్కరేకు విప్పాడు. ముగ్గురూ వంగి చూశారు.

హార్డ్ డిస్క్‌కి గంధం పూసి ఉంది. మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు. పూసిన చెయ్యి ఉదారమైన చెయ్యి. గంధం డిస్క్ అంచు దాటి, వెడల్పాటి కేబుల్ వచ్చి గుచ్చుకునే చోట, పిన్నుల సందుల్లోకి కారి, ఎండి, పొలుసులు కట్టింది.

"అమ్మా!" బుజ్జిబాబు అరుపుకి డబ్బాలు మోగాయి.

వరలక్ష్మమ్మ గారు సోములు చేత తాళం తీయించి తలుపులోంచి తొంగిచూశారు. "ఏట్రా? దసరాకి నానే పెట్టాను. నీ కారుకి బానెట్ ఎత్తి ఇంజినుకి పెట్టలేదేటి? పైపెట్టెకి పెడితే ఏటి లాభం, పనిసేసేది లోపలోడైతే?"

"తుడిచెయ్యండి," అంది పుష్పవతి, ఆవిడ అటు వెళ్ళి మళ్ళీ తాళం పడ్డాక.

తుడవక తప్పలేదు వీరేంద్రకి. కేబుల్ లాగాడు, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క పిన్నూ తుడిచాడు. ఎంత మెల్లిగా తుడిచినా నలభై పిన్నులే. ఐదున్నరకి బుజ్జిబాబు కిటికీ దగ్గర ఫోన్‌లో అంటున్నాడు, "అయిపోతాది. ఇంకొక్క అరగంట." కేబుల్ మళ్ళీ గుచ్చేటప్పుడు వీరేంద్ర ఒక చివర కాస్త వదులుగా వదిలేశాడు. ఊడిపోకుండా పని చేస్తుంది, పూర్తిగా పట్టుకోదు. దానివల్ల ఏం ఒరుగుతుందో అతనికీ తెలియదు. చేతిలో ఉన్నది అదొక్కటే.

ఐదూ నలభై. డిస్క్ ఆన్ అయింది. మూలుగు లేదు. తేనెటీగలా సన్నగా పాడుతోంది. డీఎంఏ మోడ్. పట్టీ ఇరవై, ముప్పై, నలభై అయిదు.

వీరేంద్ర చుట్టూ చూశాడు. రేకు గోడలు. తాళం. హ్యాండ్‌బ్యాగ్. స్విచ్ దగ్గర బుజ్జిబాబు. సముద్రం మీద ఎక్కడో ఒక కుర్రాడు ఒడ్డు దీపాలు చూసి నవ్వుకుంటూ ఉంటాడు. అరవై. అరవై ఎనిమిది. ఇక చేతులకి చెయ్యడానికేం లేదు, నోరొక్కటే మిగిలింది.

"అమ్మగారూ!" గట్టిగా పిలిచాడు, వంటింటి దాకా వినపడేలా. "తప్పయిపోయిందండీ! మీరు పెట్టిన బొట్టు తుడిచేశాను!"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"ఏటీ?" వరలక్ష్మమ్మ గారి గొంతు వసారా దాటి వచ్చింది. "శుక్రారం! దీపం పెట్టే ఏళ! బొట్టు సెరిపీసావా? సోములూ, తలుపు తీ!"

ఆ ఇంట్లో సోములు ఎవరి మాటయినా జవదాటగలడు గాని ఆవిడ మాట కాదు. తలుపు తెరుచుకుంది, ఆవిడ లోపలికి రాగానే మళ్ళీ తాళం పడింది. ఆవిడ చేతిలో పళ్ళెం. పళ్ళెంలో అప్పుడే అరగదీసిన గంధం, నీళ్ళనీళ్ళగా, కుంకుమభరిణె, వెలుగుతున్న దీపం.

డెబ్బై ఆరు.

"ఇప్పుడు కాదమ్మా, పది నిమిషాలాగు!" బుజ్జిబాబు అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోరా. సంజేళ బోసిమొగంతో ఉన్న వస్తువు ఇంట్లో ఉండకూడదు. తప్పుకో అన్నాను."

విదేశీ ముఠాకి పనిచేసే మనిషి, తుపాకులకి ఆర్డర్లిచ్చే మనిషి, తల్లి చేతిలో దీపం చూసి పక్కకి జరిగాడు. నర్సీపట్నంలో ఏ కొడుకైనా జరుగుతాడు. పుష్పవతి ఒక్కతే నోరు తెరిచింది. "ఆంటీ, అది నడుస్తోంది, ముట్టుకోకూడదు..."

"నువ్వుండమ్మాయీ." ఆవిడ వీరేంద్ర పక్కన కూలబడ్డారు, మోకాలు పట్టుకుని. ఎనభై ఎనిమిది. తెరిచిన పెట్టెలోకి చూస్తూ, ఏదో ఊరి కబురు చెప్పినట్టు అన్నారు.

"ఇందాక పనసకాయ అడిగావు కదా బాబూ. కొయ్యూరు సంతలో ఒక్కటే మిగిలిందట."

ఐసు కింద చీటీలు రాసింది ఈవిడే.

ఆవిడ కళ్ళు డిస్క్ మీద లేవు. కేబుల్ వదులుగా ఉన్న చివర మీద ఉన్నాయి. "నిరుడొచ్చిన మెకానిక్ సెప్పాడు, ఈ వైరు కాడ తడి సేరకూడదమ్మా అని. నాను మరిసిపోను." తొంభై నాలుగు. ఐదు వేళ్ళూ గంధంలో ముంచారు. తొంభై ఆరు. వీరేంద్ర చిటికెనవేలితో కేబుల్ చివర ఇంకో గింజంత పైకెత్తాడు.

తొంభై ఏడు.

వరలక్ష్మమ్మ గారు బొట్టు పెట్టారు. ఐదు వేళ్ళతో, ధారగా, మనసారా.

డిస్క్ టక్ టక్‌మంది. ఇంకోసారి టక్‌మంది. స్క్రీన్ నీలంగా మారిపోయి, తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు పడి ఆగిపోయాయి. ఐదూ యాభై నాలుగు.

బుజ్జిబాబు స్విచ్ ఆపాడు, వేశాడు. డిస్క్ లేదంది మిషను. మళ్ళీ వేశాడు. మళ్ళీ లేదంది.

"ఏటి సేసావమ్మా! ఏటి సేసావు!"

"దసరా నాడే నీ ఫోను వినీసాన్రా," అన్నారావిడ కింద కూర్చునే. గొంతు పెంచలేదు. "ఫొటో వొస్తాది, వొస్తే ఒకడి పని అయిపోద్ది అన్నావు. ఎవడో నీకు తెలవదు. నాకు తెలుసు. సోమలమ్మ కొడుకు. నీ పాత సొక్కాలు తొడుక్కుని పెరిగినోడు."

"కొండన్నా?" బుజ్జిబాబు మొహం పాలిపోయింది. చేతిలో సెల్ ఉంది. కిటికీ రెండడుగుల దూరంలో ఉంది. బోటు నంబరు అక్కర్లేదు ఇప్పుడు, పేరొక్కటి చాలు. ఆ రెండడుగులూ వీరేంద్ర లెక్కపెట్టాడు. పుష్పవతి చెయ్యి బ్యాగ్‌లో ఉంది.

బుజ్జిబాబు కిటికీ దగ్గరికి నడిచాడు. నంబరు నొక్కాడు.

"సెప్పు మరి," అన్నారు తల్లి. "నా ఎదురుగా సెప్పు."

అవతల ఎవరో హలో అంటున్నారు. బుజ్జిబాబు తల్లి చేతి కేసి చూశాడు. ఐదు వేళ్ళకీ గంధం.

"ఇంకా అవలేదు," అన్నాడు చివరికి. "ఆగండి."

ఫోన్ కట్ చేసి డబ్బాలకి ఆనుకుని కూలబడ్డాడు. గోడ గడియారం ఆరు కొట్టింది. ఆరూ ఎనిమిదికి వీధిలో ఐసు బండి హారన్ మూడుసార్లు మోగింది, సోములు చేతిలో తాళంచెవి ఉండగానే తలుపు విరిగింది.

"కొండన్న సేఫ్," అన్నారు లోవరాజు గారు గుమ్మంలోనే. వెనక నలుగురు పోలీసులు.

పుష్పవతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చెయ్యి తీసింది. చేతిలో ఉన్నది పిస్తోలు కాదు, నల్ల డబ్బీలో ఆ ఫైల్ వచ్చిన సీడీ. వీరేంద్ర జేబులో పెట్టి, అతని మీసం చివర సుతారంగా అతికించింది. "రెండూ ఐదుకే గుర్తుపట్టాను. నేనెప్పుడూ గెలిచినవాళ్ళ వైపే, తెలుసుగా." ఆ తర్వాత జీపెక్కేదాకా అందరూ ఆవిడని చూశారు. స్టేషన్‌లో చూస్తే జీపులో లేదు. వీరేంద్ర పాస్‌పోర్ట్ ఉందో లేదో తడుముకున్నాడు.

బుజ్జిబాబుకి సంకెళ్ళు వెయ్యబోతుంటే వరలక్ష్మమ్మ గారు అడ్డొచ్చారు.

"ఈదిలో వొద్దు బాబూ. బండెక్కాక ఏసుకోండి. నాలుగు ముద్దలు తిననియ్యండి, పొద్దున్నుంచీ ఏటీ తినలేదు."

చీఫ్ గారు వాచీ చూసుకుని తలూపారు. ఆవిడ కొడుక్కి అన్నం కలిపి పెట్టారు, గంధం చేతులు కడుక్కుని. ఒక్క ముద్ద కూడా కింద పడలేదు. ఆవిడ కళ్ళలోంచి కూడా అన్నం అయ్యేదాకా ఏమీ పడలేదు.

వారం గడిచింది. విశాఖ ఆఫీసులో వీరేంద్ర రిపోర్ట్ రాశాడు. 'డిస్క్ నెమ్మదించడానికి కారణం' అన్నచోట ఎంతసేపు ఆలోచించినా ఇంగ్లీషు మాట దొరకలేదు, తెలుగులోనే 'బొట్టు' అని రాశాడు.

"అన్నట్టు వీరేంద్రా," పిలిచారు చీఫ్, "నా కంప్యూటర్ కూడా దసరా నుంచీ ఈడుస్తోందయ్యా. ఒకసారి చూడు."

వీరేంద్ర ఎర్రపిడి స్క్రూడ్రైవర్ తీసి పక్కరేకు విప్పాడు. లోపల డిస్క్ మీద చక్కటి గంధం, గుండ్రటి కుంకుమ. గుమ్మంలో చీపురు పట్టుకుని ఆఫీసు తుడిచే అప్పయ్యమ్మ అతన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

గోడ మీద క్యాలెండర్ కేసి చూశాడు. శుక్రవారం.

రేకు మెల్లిగా మూసి, స్క్రూలు బిగించాడు.

"రేపు చూద్దాం సార్."